ఒన్‌సా పెద్దమ్మ నాటిన ఏడు మొక్కలు

మా ఊరు నోంగ్ హొయ్‌లో భిక్షువులు తెల్లవారగానే భిక్షకి వస్తారు. వట్టి కాళ్ళతో వస్తారు. వాళ్ళకి కాస్త ముందుగా ఆ మట్టిదారి మీద ఒక ముసలావిడ నడుస్తుంది. వంగి, దారిలో పడున్న గాజుపెంకో, ముల్లో, మొనదేలిన రాయో ఏరి భుజం మీది తువ్వాల్లో వేసుకుంటుంది. దారి చివరిదాకా ఏరి, తువ్వాలు కంచె అవతల దులిపి, చేతులు కడుక్కుని, జిగురన్నం బుట్ట పట్టుకుని వరసలో మోకాళ్ళ మీద కూర్చుంటుంది. ఇరవయ్యేళ్ళుగా ఇదే పని. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరైనా చూసి పలకరిస్తే, "నడుం పట్టేసిందే, వంగితే కాస్త సడలుతుందని" అంటుంది.

ఆవిడే ఒన్‌సా పెద్దమ్మ. అలాంటి మనిషిని మా ఎనిమిది ఇళ్ళవాళ్ళం రెండేళ్ళపాటు భిక్ష వరసలో ఆఖర్న కూర్చోబెట్టాం. అక్కడికి పొమ్మని నోటితో ఎవరూ అనలేదు. ఆవిడ వచ్చి కూర్చుంటే పక్కనున్నవాళ్ళు చాప కాస్త ఇటు జరుపుకునేవాళ్ళు. నాలుగు రోజులు చూసి ఆవిడే లేచి చివరికి పోయి కూర్చుంది. చాప జరిపినవాళ్ళలో నేనూ ఉన్నాను.

పంచశీలం పట్టే మనిషికి కోపం పాపం అంటారు. నిజమే కావచ్చు. ఈ ఒక్క సంగతిలో మాత్రం నాకు ఇంకా పోలేదు.

పెద్దమ్మ మొగుడు బున్‌థాన్ పెదనాన్న మంచి వంటగాడు. పుణ్య పండుగలకి ఊరందరికీ కోడిపులుసు ఆయనే కాచేవాడు. అందులో దించబోయే ముందు రెండు గంజాయి ఆకులు చిదిమి వేసేవాడు. మా తాతలూ అలాగే వేసేవాళ్ళు. కరివేపాకు వేసుకున్నట్టే, అంతకన్నా ఏం లేదు. వంటింటి వెనక ఆయనకి మూడు మొక్కలుండేవి. నాకు ఇరవయ్యేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం జీపొకటి వచ్చి ఆ మూడు మొక్కల్నీ, ఆయన్నీ ఎక్కించుకుని పోయింది. రెండేళ్ళు జైలు. పెద్దమ్మ నెలకోసారి జిగురన్నం, కాల్చిన చేప మూట కట్టుకుని రెండు బస్సులు మారి వెళ్ళేది. కాపలావాడు చేప కడుపు పుల్లతో గుచ్చి గుచ్చి చూసి, సగం చేప వాడే తినేవాడట. ఆయన దగ్గుతో తిరిగొచ్చాడు. మూడో వానాకాలం దాటలేదు.

అదే గంజాయి మీద సర్కారు నిషేధం ఎత్తేసిన ఏడాది, అదే రంగు జీపు మా విహారం ముందు ఆగింది. ఈసారి దాంట్లోంచి మొక్కల బొమ్మలు దిగాయి. ఇకమీదట ఇది మందు మొక్క, డబ్బు మొక్క, పేదరికం పోగొట్టే మొక్క అని దాంట్లో వచ్చిన ఆఫీసరు మైకులో చెప్పాడు. వెనక వరసలో కూర్చున్న ఒన్‌సా పెద్దమ్మ చెయ్యెత్తింది.

"బాబూ, మా ఆయన్ని తీసుకుపోయిన జీపూ ఈ రంగుదే. ఈసారి ఎవర్ని తీసుకుపోవాలని వచ్చావు?"

జనం పకపకా నవ్వారు. ఆఫీసరూ నవ్వాడు. నవ్వనిది ఆవిడొక్కతే.

ఆ ఏడాది చూడాలి సంబరం. పట్నం బజారులో క్షౌరం కొట్టు, చెప్పుల కొట్టు, చివరికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు కూడా గంజాయి ఆకు బోర్డు తగిలించుకున్నాయి. నూడుల్సు అమ్మే అమ్మాయి ఒక ఆకు వేసి పది భాత్ ఎక్కువ తీసుకునేది. వరి వేస్తే ఎరువుల ఖర్చుకీ నూర్పిడి ఖర్చుకీ సరిపోయే బతుకులు మావి. మనం మాత్రం ఎందుకు ఊరుకోవాలి అనిపించింది.

మాలో చొరవ గలవాడు ప్రచక్ అన్న. ట్రాక్టరు నడుపుతాడు, నలుగురితో మాట్లాడగలడు. అతనే బ్యాంకాక్ కంపెనీ ఒకదాన్ని ఊళ్ళోకి తెచ్చాడు. తొమ్మిది ఇళ్ళం సంఘం కట్టాం. సంఘం పేరు మీద బ్యాంకులో అప్పు తీశాం. మొక్కలకి నీడ వల, నీళ్ళ గొట్టాలు, మట్టి పరీక్ష, విత్తనాలు, అన్నీ ఆ అప్పులోనే. ఒక్కో గింజ నూట యాభై భాత్. అన్నీ ఆడమొక్కలే మొలుస్తాయని హామీ కాగితం కూడా ఇచ్చారు. పువ్వు కిలో పదిహేను వేలకి కంపెనీయే కొంటుంది, కానీ పువ్వులో గింజ పట్టకూడదు. మగమొక్క పుప్పొడి తగిలితే గింజ పడుతుంది కాబట్టి చేలో మగమొక్క ఉండకూడదు. ఇదంతా నేర్పడానికి కంపెనీ నుంచి ఒక కుర్రాడు వచ్చేవాడు. నేర్పేవాడు గనక అందరం మాస్టారు అనేవాళ్ళం. ఎప్పుడూ నవ్వుముఖమే.

బోరు ఉన్నది ఒన్‌సా పెద్దమ్మ మెట్టచేలో. అందుకని తొమ్మిది ఇళ్ళ మొక్కలూ అక్కడే వేద్దామన్నాం. ఆవిడ కౌలు అడగలేదు. ఒక్కటే అడిగింది.

"తా హేక్‌కి ముందు పెట్టాలి. అది మాత్రం నా చేత్తో పెడతాను."

తా హేక్ అంటే పొలం కాచే దేవుడు. పొలం మూల ఒక కర్ర గూడు, అంతే ఆయన గుడి. వరి నాట్లప్పుడు ముందు ఆయన మూలలో ఏడు మొక్కలు నాటి, ఆ తర్వాతే మన మడి నాటుకుంటాం. ఆ ఏడింటి మీద కొడవలి పడకూడదు. పశువు తింటే తిననీ, ఎండితే ఎండనీ, మనిషి చెయ్యి మాత్రం వేయకూడదు. గంజాయికి ఇలా ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు. ఎందుకంటే గంజాయిని పొలంలో ఎప్పుడు వేశాం గనక? కానీ పొలంలో వేస్తున్నప్పుడు దేవుడికి పెట్టకుండా ఎలా? మాకెవరికీ అది తప్పని తోచలేదు. పెద్దమ్మ ఏడు మొక్కలు నాటి, ఒక్కోదానికీ ఒక్కో మంచిమాట చెప్పింది. ఇది చల్లగా ఉండాలి, ఇది నిండుగా ఉండాలి, ఇది అప్పు తీర్చాలి, ఇలా. ప్రచక్ అన్నే అగరొత్తులు వెలిగించాడు. తొమ్మిది ఇళ్ళవాళ్ళం దండం పెట్టాం.

రెండు నెలలకి కొన్ని మొక్కల కణుపుల దగ్గర చిన్న చిన్న బుడిపెలు వేలాడాయి. అవి మగవి. అన్నీ ఆడవేనన్న గింజల్లో పదికి ఒకటి మగది.

"ప్రకృతి కదమ్మా, అక్కడక్కడా వస్తాయి. పీకెయ్యండి" అన్నాడు మాస్టారు నవ్వుతూ.

పీకేశాం. ఎండలో, మోకాళ్ళ మీద, వరస వరసా వెతికి పీకేశాం. తా హేక్ మూలలో ఏడింట్లో రెండు మగవి తేలాయి. ప్రచక్ భార్య మలీవన్ వాటి దగ్గర ఆగింది.

"పెద్దమ్మా, ఇవి రెండూ బుడిపెలేశాయే."

"దేవుడికి ఇచ్చాక ఆడేంటి మగేంటి తల్లీ? ఇచ్చింది ఇచ్చేశాం."

"ముట్టుకోకు మలీవన్!" అని గట్టు మీంచి అరిచాడు ప్రచక్ అన్న. "తా హేక్ సొత్తు పీకితే పాము కరుస్తుంది. మూలకున్నాయి, ఏం కాదు."

మాస్టారూ చూశాడు. ఆ గూడు, ఆ రెండు మొక్కలు, అగరొత్తుల పుల్లలు, అన్నీ ఫోనులో ఫొటో తీసుకున్నాడు. "మీ నమ్మకం మీది, నేనేం చెప్పను. భలే ముచ్చటగా ఉంది" అన్నాడు.

నవంబరులో కోశాం. ప్రచక్ అన్న ఇంటి కింద స్తంభాల మధ్య తాళ్ళు కట్టి ఆరేశాం. ఊరంతా ఒకటే ఘాటు వాసన. ఆడవాళ్ళం కత్తెరలతో ఆకులు కత్తిరించి, పువ్వు గోనెల్లో నింపాం. పద్నాలుగు గోనెలు.

జనవరిలో మాస్టారు వచ్చాడు. చిన్న తెల్ల కారులో ఒక్కడే వచ్చాడు. ఎండన పడి వచ్చాడని ఒన్‌సా పెద్దమ్మ కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చింది. తాగాడు. జేబులోంచి భూతద్దం తీశాడు. గోనెలోంచి ఒక పువ్వు తీసి గోటితో చీల్చాడు. లోపల నువ్వుగింజంత గింజ.

"అయ్యో" అన్నాడు. తర్వాత ఫోను తీసి ఆ ఫొటో మా అందరికీ చూపించాడు. "నేను ఆ రోజే అనుకున్నాను. ఒప్పందంలో రాసుందిగా, గింజ పడితే కొనం అని. నా చేతిలో ఏం లేదండీ."

అరగంటలో వెళ్ళిపోయాడు. బోండాం లోపలి లేతకొబ్బరి చెంచాతో గీక్కుని తిని మరీ వెళ్ళాడు.

కారు మలుపు తిరగ్గానే మలీవన్ నోరు విప్పింది. "మొగుణ్ణి మింగిన మొక్క. ఇప్పుడు ఊరిని కూడా మింగించింది ఈవిడ."

ఒన్‌సా పెద్దమ్మ తలొంచుకుని బోండాం చిప్పలు ఏరుతూ ఉండిపోయింది. ఆ మాట అనకూడదని నేను అనొచ్చు. అనలేదు. నా వాటా అప్పు నా కళ్ళముందు ఆడుతోంది. ఎవరో ఒకరి మీద పడితే బాగుండుననే ఉంది నాకు.

ఆ తర్వాత గోనెలు తీసుకుని ఎక్కని కొట్టు లేదు. విదేశాల నుంచి పార్సెళ్ళలో దొంగతనంగా పువ్వు దిగుతోందని, కారుచౌక అని, మా దాన్ని ఎవరూ చేత్తో కూడా పట్టుకోవడం లేదని తెలిసింది. కొట్ల మీద కొట్లు మూతపడ్డాయి. వల అమ్మినవాడు మాత్రం పట్నంలో రెండంతస్తుల ఇల్లు లేపాడు. అయినా మా ఊళ్ళో ఆ లెక్క ఎవరూ వెయ్యలేదు. గింజ పట్టకపోతే కంపెనీ కొనేది. గింజ పట్టింది ఒన్‌సా మొక్కల వల్ల. పిల్లలు కూడా ఇదే చెప్పేవాళ్ళు.

మూడో నెల శుద్ధ తదియనాడు మేం గాదెలు తెరుస్తాం. కొత్త బియ్యం మొదటి గంప ఇంటివాళ్ళు తినాలి. ఆ ఏడాది ఒన్‌సా పెద్దమ్మ గాదె తెరిచి, మొదటి గంప నుంచి ఎనిమిదో గంప దాకా తలమీద పెట్టుకుని ఒక్కో ఇంటికీ మోసింది. మెట్ల దగ్గర పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోయింది. మరుసటి ఏడాదీ అంతే. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ బియ్యం మేం తిన్నాం. నేను వండుకుని, పులిసిన చేప పచ్చడి నంజుకుని, రుచిగా తిన్నాను. రాయడానికి చెయ్యి రావడంలేదు గానీ, అది నిజం.

మూడో ఏడు పంచడానికి గాదెలో ఇంకేముంటుంది? రెండేళ్ళు నిండాక బ్యాంకు నుంచి కాగితం వచ్చేసరికి ఆవిడ ప్రచక్ అన్న ఇంటికి వెళ్ళి చెప్పింది.

"నా మెట్టచేను అమ్మేస్తాను. వచ్చింది సంఘం అప్పుకి కట్టెయ్యి. నా పాపం నాతో పోతుంది."

ఆవిడకున్నది ఆ చేనూ, దాని పక్క చిన్న వరిమడీ. చేను పోతే బోరు పోతుంది. బోరు పోతే మడి ఎండుతుంది. ఇది మాకందరికీ తెలుసు. అయినా ఎవరూ వద్దనలేదు. ప్రచక్ అన్న వారంలో బేరం తెచ్చాడు. పట్నంలో పెట్రోలు బంకు ఆసామి. సోమవారం సంతకాలు అనుకున్నారు. మొక్కలు పెట్టిన తా హేక్ గూడుని ఏం చేస్తారని పెద్దమ్మ అడిగితే, "చదును చేసేస్తార్లే పెద్దమ్మా" అన్నాడట.

ఆ ముందు శనివారం నేను కొండ అవతల నోంగ్ సేంగ్‌కి వెళ్ళాను. నాలుగో నెల పుణ్య పండుగ. మా చిన్నాన్న కూతురు దావ్‌రుంగ్ ఇల్లుంది అక్కడ. పండుగంటే ఎవరింటికి ఎవరు పోయినా బియ్యప్పిండి సేమ్యా, చేపపులుసు పెడతారు. ఇంటి కింద చాప వేసి కూర్చోబెట్టి, ఆనుకోవడానికి ఒక గోనె జరిపింది దావ్‌రుంగ్. మెత్తగా ఉంది. వాసన మాత్రం నాకు తెలిసిన వాసనే.

"ఇదేంటే?"

"ఏముందక్కా, మా బంగారం" అంది. "రెండేళ్ళ నుంచి అతిథులు ఆనుకుంటున్నారు. తలగడ దండగ లేదు."

"మీరూ వేశారా! మీకూ గింజ పట్టిందా?"

"గింజా? ఒక్క గింజ ఉంటే నా చెవి కోసిస్తాను. మా మామగారు రాత్రీ పగలూ కాపలా కాసి మగమొక్కలు ఏరేశాడు. గింజ కాదు, తేమ. తేమ ఎక్కువుందని వదిలేశారు. ఆరబెట్టింది మామగారేగా. రైసుమిల్లు పక్కన ఆరబెట్టాడు, ఆవిరి తగిలిందన్నారు. ఇదిగో, ఆ మూల కూర్చున్నాడు చూడు."

చూశాను. పండుగపూట జనమంతా ఒకచోట, ఆ ముసలాయన ఒకచోట. పళ్ళెంలో సేమ్యా అలాగే ఉంది.

"ఊళ్ళో ఎవరూ పలకరించరక్కా. ఆయనా మాట్లాడ్డం మానేశాడు. ఆ పై ఊళ్ళో ఐతే రంగు బాగాలేదన్నారట. తప్పంతా తనదేనన్నారని, నీళ్ళు పెట్టిన పిల్ల పుట్టింటికి పోయింది."

"ఎవరన్నారు? ఏ కంపెనీ?"

"కంపెనీ పేరు ఎవడికి గుర్తు? ఒక మాస్టారు వచ్చేవాడు. నవ్వుతూ ఉండేవాడు."

చెంచా పళ్ళెంలో పెట్టేశాను. "మీవి ఎన్ని కిలోలు తూగాయి?" అనడిగాను, ఊరికే, ఏదో ఒకటి అడగాలి గనక.

"తూచలేదే. వాడు కాటా తేలేదుగా. గడియారం లాంటిదేదో గోనెలో గుచ్చి చూశాడు, వెళ్ళాడు."

కాటా తేలేదు.

మా ఊరికి వచ్చిన రోజు గుర్తు చేసుకున్నాను. చిన్న తెల్ల కారు. ఒక్కడే. జేబులో భూతద్దం. పద్నాలుగు గోనెల సరుకు కొనడానికి వచ్చినవాడు కాటా తేలేదు, లారీ తేలేదు, కూలివాణ్ణి తేలేదు. కొనడానికి రాలేదు. కొనకపోవడానికి ఒక వంక వెతుక్కోవడానికి వచ్చాడు. ఒక్కో ఊళ్ళో ఒక్కో వంక. ఒక్కో ఊరికి ఒక ప్రాణాన్ని అప్పజెప్పి పోయాడు, మీరే కొట్టుకుచావండని. మేం అలాగే చేశాం. వాడి పని మేం జీతం లేకుండా రెండేళ్ళు చేశాం.

ఆదివారం పొద్దు వాలుతుండగా మా ఊరు చేరాను. ప్రచక్ అన్న ఇంటి కింద అందరూ కూడారు. మర్నాటి సంతకాలకి సాక్షులెవరు, బండి ఎవరిది అని మాటలు. ఒన్‌సా పెద్దమ్మ చాప అంచున కూర్చుని ఉంది. పొలం పట్టా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"రా ఫిమ్, నీ సంతకం కూడా కావాలి" అన్నాడు ప్రచక్ అన్న.

"పెడతాను. ముందు ఒక్కటి చెప్పు అన్నా. ఆ రోజు మాస్టారు కాటా ఎందుకు తేలేదు?"

"ఏం కాటా?"

"పువ్వు తూచడానికి. చేపలు కొనే మనిషి కూడా కాటా చంకన పెట్టుకునే వస్తుంది. లక్షల సరుకు కొనేవాడు తేలేదేం?"

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. నోంగ్ సేంగ్ సంగతి, పై ఊరి సంగతి, తేమ, రంగు, మూల కూర్చున్న ముసలాయన, అన్నీ చెప్పాను. నేను అంత గట్టిగా మాట్లాడ్డం నా మొగుడే ఎప్పుడూ వినలేదు.

మలీవన్ అప్పటికీ వదల్లేదు. "ఐతే గింజ పట్టలేదా? పట్టిందిగా!"

"పట్టింది. పట్టకపోతే తేమ అనేవాడు. అదీ లేకపోతే రంగు అనేవాడు. నువ్వు పుట్టిన వారం మంచిది కాదనేవాడు. అన్నా, నేల చూడకు, నా మొహం చూడు. వాడు కొనడానికి రాలేదని నీకు తెలుసా, తెలీదా?"

ప్రచక్ అన్న ట్రాక్టరు తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పాడు.

"పది రోజుల ముందు ఫోను చేశాడు" అన్నాడు. "ధర పడిపోయింది, కంపెనీ ఇక ఎక్కడా కొనడంలేదన్నాడు. ఊరివాళ్ళకి నేను వచ్చి చెబుతాలే, నీ మీదకి రాకుండా చూస్తాలే అన్నాడు. వాణ్ణి ఊళ్ళోకి తెచ్చింది నేను. అప్పు కాగితం మీద మొదటి సంతకం నాది. మీరంతా నా ఇల్లు పీకేస్తారని భయపడ్డాను. తర్వాత వాడు ఆ ఫొటో చూపించాడు. నేను... నోరు మూసుకున్నాను."

మలీవన్ మొగుడి వైపు చూసింది. ఆమెకీ తెలియదని ఆ చూపులోనే తెలిసిపోయింది.

అందరం పెద్దమ్మ వైపు తిరిగాం. ఆవిడ ఏం చేస్తుందో మాకు తెలుసనుకున్నాం. చేతులు జోడిస్తుంది, పోనీలే నాయనా కర్మ అంటుంది, మేమంతా కళ్ళు తుడుచుకుని ఇళ్ళకి పోతాం.

ఆవిడ పట్టా సంచి తీసి రవికలో దోపుకుంది. మోకాలి మీద చెయ్యి వేసి లేచింది.

"ఒరేయ్ ప్రచక్. నీ పెద్దవాడు పుట్టినప్పుడు మీ ఆవిడ పదకొండు రోజులు బాలింత కాపుకి నిప్పు పక్కన పడుకుంటే, ఆ నిప్పు ఆరకుండా పదకొండు రాత్రులు కట్టెలెగదోసింది ఎవర్రా?"

"నువ్వే పెద్దమ్మా."

"మా ఆయన్ని మూడు మొక్కలకి తీసుకుపోయారు. తీసుకుపోయింది పైవాళ్ళు, మొహం తెలీనివాళ్ళు. నాకు రెండు మొక్కలకి శిక్ష వేసింది మీరు. నా చేతి నీళ్ళు తాగినవాళ్ళు. రెండేళ్ళే. ఆయనకీ రెండేళ్ళే." ఊపిరి తీసుకుంది. "దేవుడికిచ్చిన మొక్క దగ్గర రోజూ ఏడ్చాను. తప్పు నీదా నాదా అని ఆ తా హేక్‌ని అడిగాను. దేవుణ్ణి అనుమానించేట్టు చేశార్రా నన్ను!"

ప్రచక్ అన్న తాళంచెవి చాప మీద పెట్టేశాడు.

"నా చేను అమ్మను. బంకువాడికి చెప్పెయ్. అప్పులో నా వాటా నేను కడతాను, మీ వాటా మీరు కట్టుకోండి. ఇంకోటి. నా బియ్యం నాకు కావాలి. ఎనిమిది ఇళ్ళు, రెండేళ్ళు. పదహారు గంపలు."

"రేపు పొద్దున్నే తెస్తాం పెద్దమ్మా" అన్నాను నేను.

"రేపు అష్టమి. అష్టమినాడు గాదె తియ్యరు. అది కూడా మర్చిపోయారా, గంజాయి పొగలో? ఎల్లుండి తెండి. పొద్దుపోయాక దొడ్డిదారిన కాదు. భిక్షువులు వెళ్ళిపోయాక, ఊరంతా మేలుకుని ఉన్నప్పుడు, నడిదారిన తెండి. నేను తెచ్చినట్టు తలమీద పెట్టుకుని తెండి."

మంగళవారం అలాగే తీసుకెళ్ళాం. ట్రాక్టరు ఉన్న ప్రచక్ అన్న ట్రాక్టరు ఎక్కలేదు. రెండు గంపలూ రెండు విడతల్లో తలమీద మోశాడు. అరుగుల మీద జనం నిలబడి చూశారు. మాలో ఇద్దరికి ఇంట్లో బియ్యం లేక కొట్లో కొని తెచ్చారు. పెద్దమ్మ గాదె నిచ్చెన మీద కూర్చుని ఒక్కో గంపా చేత్తో తడిమి లోపల పోయించుకుంది. కొట్టు బియ్యాన్ని మాత్రం గుర్తుపట్టింది. "ఇది పట్నం బియ్యం. ఇది నాకొద్దు, నీ పిల్లలకి వండిపెట్టు. పంట వచ్చాక ఇద్దువుగాని" అని వెనక్కి పంపింది. నా గంప తడిమి, "నీకు మాత్రం ఎందుకే ఇంత ఆలస్యం, ఫిమ్?" అంది. ఖాళీ గంప తీసుకుని వచ్చేశాను.

మర్నాడు భిక్ష వరసలో మలీవన్ తన చాప చుట్టుకుని, చివరికంటా నడిచి, పెద్దమ్మ పక్కన పరుచుకుంది. పెద్దమ్మ ఆమెతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. మాట్లాడకుండానే, ఆమె కూర్చునే చోట ముళ్ళేరింది.

కంపెనీ మీద ఎక్కడ ఫిర్యాదు చెయ్యాలో తెలిసిన ఒక్క మనిషి దొరకలేదు మాకు. కాగితం మీదున్న ఫోను మోగుతుంది, ఎవరూ ఎత్తరు. నేను మళ్ళీ నోంగ్ సేంగ్ వెళ్ళి దావ్‌రుంగ్ మామగారికి అంతా చెప్పాను. ఆయన విని, "ఆవిరి తగల్లేదన్నమాట" అన్నాడు. అంతే అన్నాడు. ఇప్పుడు సర్కారు మళ్ళీ మాట మార్చింది. పువ్వు కొనాలంటే డాక్టరు చీటీ కావాలట. పట్నంలో ఆకు బోర్డులు దించి మళ్ళీ చెప్పులమ్ముతున్నారు. గింజ పదిమందికీ అంటగట్టినవాడు, వల అమ్మినవాడు, ఫొటో తీసినవాడు, ఒక్కడూ నష్టపోలేదు. మా తొమ్మిది ఇళ్ళూ బ్యాంకుకి ఇంకా కడుతూనే ఉన్నాయి.

మొన్న ఆరో నెలలో మరొక కారు వచ్చింది. ఈసారి పెద్దది. దిగిన అమ్మాయి చాలా మర్యాదస్తురాలు, వచ్చీ రాగానే విహారంలో బుద్ధుడికి మొక్కింది. తర్వాత మా అందర్నీ చాపల మీద కూర్చోబెట్టి రంగురంగుల బొమ్మలు చూపించింది. ఏదో దుంప. విదేశాల్లో దానితో ముఖానికి పూసుకునే క్రీము చేస్తారట. మొక్కలు వాళ్ళే అమ్ముతారు, పంట వాళ్ళే కొంటారు. కాగితాలు పంచింది. ఒకరిద్దరు అప్పుడే వేళ్ళ మీద లెక్కలేస్తున్నారు. ప్రచక్ అన్న తల వంచుకుని కూర్చున్నాడు.

వెనక వరస నుంచి ఒన్‌సా పెద్దమ్మ చెయ్యెత్తింది.

"అమ్మాయ్, నీ కారులో కాటా ఉందా?"

"కాటానా? ఇప్పుడెందుకు అమ్మమ్మా, ఇంకా పంటే వెయ్యలేదుగా" అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

"ఉందా, లేదా?"

"లేదు."

పెద్దమ్మ తన చేతిలోని కాగితాన్ని మడతపెట్టి, ముందువాళ్ళ భుజాల మీదుగా ఆ అమ్మాయికి తిరిగి పంపింది. ఆవిడ వెనకే నాదీ పంపాను. వేళ్ళ మీద లెక్కలేస్తున్నవాళ్ళు వేళ్ళు ముడుచుకున్నారు. ఒక్కో కాగితమే వెనక వరస నుంచి ముందుకి చేతులు మారుతూ పోయింది. ఆఖర్న ప్రచక్ అన్న లేచి, మిగిలినవన్నీ పోగుచేసి, రెండు చేతులతో పట్టుకెళ్ళి ఆ అమ్మాయి ముందు పెట్టాడు.